లస్కరు ఎడమ కన్ను

ముప్పై రెండేళ్లు మార్టేరు లాకుల మీద లస్కరుని.
తలుపు ఎంత ఎత్తితే ఎంత నీరు జారుతుందో
చక్రం తిప్పే మోచేతికి తెలుసు.
నా ఎడమ కంటికి మాత్రం ఏ తలుపూ లేదు.
పొద్దున టీ తాగుతుంటే కారుతుంది,
రేషను క్యూలో కారుతుంది,
పక్కింటి సీమంతంలో
అరిసె కొరుకుతుంటే కారుతుంది.

అన్న పోయిన రోజు
శవం పక్కన నిలబడితే ఆగకుండా కారింది.
పదకొండేళ్లుగా మాటల్లేవు మాకు, రెండు సెంట్ల గట్టు తగువు.
"రక్తసంబంధం ఎక్కడికి పోతుందండీ" అన్నారు జనం.
కుడి కన్ను ఎండు తూములా ఉందని
ఎవరూ చూడలేదు.
నేను తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

భీమవరంలో సుభాషిణి డాక్టరమ్మ
సన్నటి తీగలోంచి వెలుగు పంపి
కంటి సంచికీ ముక్కుకీ మధ్య ఎముకలో
మినపగింజంత దారి కాల్చింది.
పైన కోత లేదు, కుట్టు లేదు.
లేజరంటే నేను
వెల్డింగు షాపులో రవ్వలనుకున్నాను, ఆయ్.
మూడు నెలలు కన్ను పొడి.
నాలుగో నెల, దాళవా కోతల దుమ్ములో,
మళ్ళీ మొదటికొచ్చింది.

"వెలుగు తప్పేం లేదు అబ్బులు గారూ," అంది
స్కానింగు ఫిల్మును కిటికీకి ఆనించి,
"మీ ముక్కు చూడండి."
డెబ్బై దగ్గర పడుతుంటే
నా ముక్కును మొదటిసారి లోపలి నుంచి చూశాను.
నడిమి గోడ ఎడమకి ఒరిగి ఉంది
వరద కోసిన ఏటిగట్టులా.
ఆ ఒరుగుడు తోస్తే పక్కకి జరిగి
లోపల గాలి నిండి ఉబ్బిన ఎముక మడత ఒకటి
కొత్త తూము నోటికి
వీపు ఆనించుకుని కూర్చుంది.
రెండు పచ్చి పుళ్ళు తాకితే అతుక్కుంటాయట.
అసలే నా ఎముక దళసరి,
వెలుగు చేసిన కన్నం సన్నమట.

ఈ సంగతి నాకు చెప్పాలా?
ఒక ఏడు ఇంజనీరు గారు
కొత్త తలుపు బిగించి కొబ్బరికాయ కొట్టించారు.
తలుపు మంచిదే.
దిగువన మురుగంతా దిగే గొంతేరు
గుర్రపుడెక్కతో నిండి,
చేపల చెరువుల గట్లు జరిగి జరిగి
జానెడైపోయింది.
ఎత్తిన నీరు ఎటు పోతుంది?
వెనక్కి తిరిగి నారుమళ్ళ మీద పడుకుంది.
శివారు రైతులు తిట్టింది తలుపును.
తలుపు పట్టుకున్న నన్ను.

"మొదట్లోనే ముక్కు చూడాల్సింది," అందామె
నా వైపు కాదు, ఫిల్ము వైపు తిరిగి.
మా శాఖలో ఇన్నేళ్లలో
అలాంటి మాట ఎవరి నోటా వినలేదు.

ఈసారి ముందు గోడ సరిచేశారు,
ఉబ్బిన మడతను చెక్కారు,
తర్వాతే తూము.
పూడకుండా సిలికాను దారం ఒకటి వేశారు.
"గాలానికి పడ్డావులే," అంది సూరీడమ్మ,
నవ్వించి ముక్కు నొప్పి పుట్టించింది.

నిన్న దారం తీసి
కంటి మూలలో మొద్దు సూదితో
ఉప్పునీరు ఎక్కించింది డాక్టరమ్మ.
"ఏమైనా తెలిసిందా?"
కాసేపు ఏమీ లేదు,
లాకు నిండుతున్నప్పుడు పడవ ఊరికే ఉన్నట్టు.
తర్వాత నాలుక మొదట్లో
పోటు ఎగదన్నినప్పటి మొగల్తూరు కాలువ రుచి.
"గొంతులోకి దిగిందమ్మా!"
పక్క గదిలో వాళ్ళు తొంగి చూశారు.

బస్సులో అద్దం తీసే కూర్చున్నాను.
ఎదురుగాలికి కూడా కన్ను పొడిగానే ఉంది.
పెనుమంట్ర దాటాక అన్న చేను.
గట్టు మీద ఎవరో వంగి
కలుపు పీకుతున్నారు,
ఆ వంగడం వాడిదే.
వాడి కొడుకై ఉంటాడు.
బస్సు నిండా జనం, ఎవరికీ ఏమీ కనపడలేదు.
గొంతులో మాత్రం మళ్ళీ ఉప్పగా తగిలింది.

నిన్నటి మందునీరు ఇంతసేపుంటుందా?
పై వారం వెళ్ళినప్పుడు
డాక్టరమ్మను అడగాలి.